హెవీ డ్యూటీ పికప్: గ్యాస్ ఇంజినా, డీజిలా? కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

డీజిల్ బండి అంటే ఆదా అన్న నమ్మకం మనకు ఇండియా నుంచే వచ్చింది. అక్కడ 2014 అక్టోబరు వరకు డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో ఉండేది. ఇప్పటికీ హైదరాబాద్‌లో పెట్రోల్ కన్నా లీటరుకు పది రూపాయలకు పైనే తక్కువ. ట్రాక్టరూ, బొలెరో, ఊళ్లో సరుకు మోసే ప్రతి బండీ డీజిలే. ఆ లెక్కే బుర్రలో పెట్టుకుని డాలస్‌లోనో అట్లాంటాలోనో ట్రక్ డీలర్ దగ్గరికి వెళ్తే జేబుకు చిల్లు పడుతుంది. అమెరికాలో గ్యాలన్ డీజిల్ ధర గ్యాస్ (పెట్రోల్) కన్నా దాదాపు ఎప్పుడూ ఎక్కువే. ఫెడరల్ పన్ను ఒక్కటే చూసినా గ్యాస్ మీద గ్యాలన్‌కు 18.4 సెంట్లు, డీజిల్ మీద 24.4 సెంట్లు. ఇక డీజిల్ ఇంజిన్ కావాలంటే ట్రక్ ధర మీద అదనంగా పదివేల డాలర్లకు అటూఇటూగా పెట్టాలి.

ఇక్కడందరూ అనే అలవాటు ప్రకారం పెట్రోల్‌ను గ్యాస్ అనే రాస్తున్నాను. చెప్పేదంతా ఫోర్డ్ ఎఫ్-250, 350. రామ్ 2500, 3500. షెవీ సిల్వరాడో, జీఎంసీ సియెరా 2500, 3500 తరగతి ట్రక్కుల గురించి. ఎఫ్-150 లాంటి చిన్న పికప్‌ల లెక్క వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డీజిల్‌ను ఇంధనం ఖర్చు తగ్గుతుందని కొనకండి. అది బరువు లాగడానికి, అందులోనూ కొండల మీద, తరచుగా లాగడానికి. ఆ పని మీకు లేకపోతే గ్యాస్ ఇంజినే మంచిది. ఆ పని ఉందో లేదో తేల్చుకునే పద్ధతే కింద రాసింది.

అడుగు 1: ముందు ట్రైలర్‌ను తేల్చుకోండి

ట్రక్ కొన్నాక ట్రైలర్ చూద్దాం అనుకునేవాళ్లే ఎక్కువ. దాన్ని తిరగేయండి. మీరు లాగబోయేది ఏమిటి? పిల్లలతో సెలవులకు వెళ్లే ఆర్‌వీనా (పడకలు, వంటగది ఉండే ట్రైలర్), ఊరి బయట కొన్న పదెకరాల్లోకి గడ్డి బేళ్లు, ట్రాక్టర్ చేర్చే గూస్‌నెక్ ట్రైలరా, లేక లేక్ దగ్గరికి తీసుకెళ్లే పడవా?

ట్రైలర్ బరువు రాసుకునేటప్పుడు బ్రోషర్‌లో ఉండే ఖాళీ బరువు రాసుకోవద్దు. నీళ్ల ట్యాంకు, వంటగ్యాస్ సిలిండర్లు, వంట సామాను, సైకిళ్లు ఎక్కించాక ఏ ఆర్‌వీ కూడా ఆ బరువులో ఉండదు. ట్రైలర్ మీదే అతికించి ఉండే జీవీడబ్ల్యూఆర్ అంకె, అంటే నిండుగా ఉన్నప్పుడు అది దాటకూడని బరువు, అదే రాసుకోండి.

ఆ బరువులో కొంత భాగం నేరుగా ట్రక్ మీద పడుతుంది. వెనక బంపర్ కింది హిచ్‌కు తగిలించే ట్రైలర్ అయితే పది నుంచి పదిహేను శాతం. ట్రక్ తొట్టి మధ్యలో కూర్చునే ఫిఫ్త్ వీల్ అయితే ఇరవై నుంచి ఇరవై ఐదు శాతం. కొనేవాళ్లు మరిచిపోయేది ఇదే. రెండో అడుగంతా దీని మీదే ఆధారపడి ఉంది.

అడుగు 2: డ్రైవర్ తలుపు తెరిచి స్టిక్కర్ చదవండి

డీలర్ మాట, యాడ్‌లో 20,000 పౌండ్లు లాగుతుందని రాసిన అక్షరాలు, రెండూ పక్కన పెట్టండి. మీరు కొనబోయే ఆ ఒక్క ట్రక్ డ్రైవర్ తలుపు తెరవండి. తలుపు మూసుకునే స్తంభం మీద పసుపు పట్టీ ఉన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద ఉంటుంది. అదే పేలోడ్. పక్కపక్కనే నిలబెట్టిన, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు ట్రక్కులకు కూడా ఈ అంకె వేరువేరుగా ఉంటుంది. సన్‌రూఫ్, లెదర్ సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్, ఏది ఎక్కినా అంకె తగ్గుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ తగ్గించేది డీజిల్ ఇంజినే. ఇంజిన్, దానిలోకి గాలిని బలంగా నెట్టే టర్బో, పొగ శుద్ధి చేసే సరంజామా అంతా కలిపి గ్యాస్ ఇంజిన్ కన్నా కనీసం ఐదారు వందల పౌండ్లు ఎక్కువ బరువు. ఎఫ్-250, రామ్ 2500లలో చాలావాటికి మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇంజిన్ తిన్న బరువు మీ సామాను నుంచే పోతుంది. అంటే ఎక్కువ లాగగల ఇంజిన్ పెట్టించుకుని తక్కువ మోయగల ట్రక్ ఇంటికి తెచ్చుకుంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ అనుకోండి. 22 శాతం చొప్పున ట్రక్ మీద పడేది 2,640. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, కూలర్, పెట్టెలు కలిపి 600. తొట్టిలో బిగించే ఫిఫ్త్ వీల్ హిచ్ 180. మొత్తం 3,420 పౌండ్లు. డీజిల్ వేసిన 250 తరగతి ట్రక్ స్టిక్కర్ మీద 2,300 లాంటి అంకె కనిపించడం మామూలే. ఇంజిన్‌కు ఆ ట్రైలర్ లెక్కలోది కాదు, అలవోకగా లాగేస్తుంది. కానీ వెనక స్ప్రింగులు, ఇరుసు, టైర్ల మీద వెయ్యి పౌండ్లకు పైగా అదనం పడుతుంది. ఇక్కడ గ్యాసా డీజిలా అన్నది అసలు ప్రశ్నే కాదు, 350 తరగతికి వెళ్లాలి.

ఇప్పుడు రెండో లెక్క. 8,000 పౌండ్ల మామూలు ట్రావెల్ ట్రైలర్, బంపర్ హిచ్‌కు. పన్నెండున్నర శాతం అంటే 1,000. మనుషులు, సామాను 600. బరువు సర్దే హిచ్ 100. మొత్తం 1,700. దీన్ని రెండు ఇంజిన్లూ మోస్తాయి. మన వాళ్లలో ఆర్‌వీ కొనేవాళ్లు ఎక్కువమంది ఈ రెండో రకమే. వాళ్లకు గ్యాస్ ట్రక్ సరిపోవడం కాదు, మిగులుతుంది కూడా.

ఇంకో చిన్న విషయం. పసుపు పట్టీ స్టిక్కర్ తప్పనిసరి 10,000 పౌండ్ల లోపు పరిమితి ఉన్న ట్రక్కులకే. అంతకన్నా పెద్దవాటికి తలుపు దగ్గరే ఇంకో స్టిక్కర్ మీద ఉండే జీవీడబ్ల్యూఆర్‌లోంచి ట్రక్ అసలు బరువు తీసేసుకోవాలి. అసలు బరువు తెలియాలంటే హైవే ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీదికి ఎక్కించండి. తక్కువ డబ్బుతో ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ విడివిడిగా తూచిన చీటీ చేతికిస్తారు.

అడుగు 3: ఇంధనం లెక్క కాగితం మీద వేయండి

మొత్తం బరువు పరిమితి 8,500 పౌండ్లు దాటిన ట్రక్కుల మైలేజీని పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రకటించదు. అందుకే షోరూమ్‌లో వీటి అద్దం మీద ఎంపీజీ (గ్యాలన్‌కు ఎన్ని మైళ్లు) అంకె ఉండదు. నడిపేవాళ్ల అనుభవమే దిక్కు. ఖాళీగా గ్యాస్‌కు 13, డీజిల్‌కు 17. ట్రైలర్‌తో 8, 11 అనుకుందాం. గ్యాస్ 3 డాలర్లు, డీజిల్ 3.70 అనుకుందాం. మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ చేసుకోండి.

ఏడాదికి 12,000 మైళ్లు, అందులో 3,000 ట్రైలర్‌తో నడిపే కుటుంబం తీసుకోండి. గ్యాస్ ట్రక్‌కు 1,067 గ్యాలన్లు, దాదాపు 3,200 డాలర్లు. డీజిల్‌కు 802 గ్యాలన్లు, 2,970 డాలర్ల దగ్గర. తేడా 230. దానిలోంచి, పొగ శుద్ధికి డీజిల్ ట్రక్‌లో విడిగా పోసే డెఫ్ ద్రవం ఖర్చు ఎనభై దాకా తీసేస్తే మిగిలేది 150 డాలర్లు. పదివేలు తిరిగి రావాలంటే అరవై ఏళ్లు పైన నడపాలి.

అది వాడకం తక్కువ కాబట్టి అంటారా? ఏడాదికి 30,000 మైళ్లు ట్రైలర్‌తోనే తిరిగే హాట్‌షాట్ డ్రైవర్‌కు, అంటే పికప్‌తో కిరాయికి సరుకు చేరవేసేవాడికి, అదే లెక్క వేస్తే, డెఫ్ పోగా మిగిలేది 900 డాలర్ల లోపు. పదకొండేళ్లు. అతనికి డీజిల్ ఎందుకంటే ఇంధనం కోసం కాదు, రోజంతా బరువు లాగినా ఇంజిన్ అలిసిపోదు కాబట్టి.

ఆ పదివేలు అప్పు మీద పెడితే 7 శాతం వడ్డీకి ఆరేళ్లపాటు నెలకు 170 డాలర్లు. వడ్డీతో కలిపి 12,275. అమ్మేటప్పుడు డీజిల్‌కు మంచి ధర వస్తుంది నిజమే, పెట్టిన అదనంలో చెప్పుకోదగ్గ భాగం వెనక్కి వస్తుంది. కానీ మొత్తం రాదు. సొంత వ్యాపారం ఉండి ట్రక్ సగానికి పైగా దానికే వాడితే పన్ను చట్టంలోని సెక్షన్ 179 కింద తరుగుదల చూపించుకోవచ్చు. ఆరడుగుల తొట్టి ఉన్న పెద్ద పికప్‌లకు ఎస్‌యూవీల మీద ఉన్న పరిమితి వర్తించదు. ఇది రెండు ఇంజిన్లకూ ఒకటే, మీ సీపీఏతో మాట్లాడి ముందుకెళ్లండి.

అడుగు 4: మీ దారి ఎలాంటిది?

డీజిల్ గొప్పతనం కనబడేది ఇక్కడే. ఫోర్డ్ 7.3 లీటర్ల గ్యాస్ వీ8 ఇంజిన్ బలం 430 హార్స్‌పవర్, టార్క్ (తిప్పే శక్తి) 485 పౌండ్-ఫీట్. అదే ట్రక్‌లో 6.7 పవర్ స్ట్రోక్ డీజిల్ 475 హార్స్‌పవర్, టార్క్ 1,050. రామ్‌లో కమిన్స్ 430, 1,075. షెవీ డ్యూరామ్యాక్స్ 470, 975. హార్స్‌పవర్ దగ్గరదగ్గరగానే ఉంది, టార్క్ రెట్టింపు దాటింది. డీజిల్ ఆ టార్క్‌ను 1,600, 1,800 ఆర్‌పీఎం దగ్గరే ఇచ్చేస్తుంది. గ్యాస్ ఇంజిన్ ఆ పని చేయాలంటే 4,000 దాటి అరవాలి.

గ్యాస్ ట్రక్‌తో మొదటిసారి కొండ ఎక్కేవాళ్లకు ఈ అరుపే పెద్ద టెన్షన్. ఇంజిన్ పగిలిపోతుందేమోనని కాలు తీసేస్తారు. ఏమీ కాదు, అది అలా తిరగడానికే చేసిన ఇంజిన్. చప్పుడు భరించగలిగితే చాలు.

ఎత్తు మాత్రం నిజమైన సమస్య. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు మూడు శాతం దాకా బలం కోల్పోతుంది, గాలి పలచబడుతుంది కాబట్టి. డెన్వర్ నుంచి పడమరగా ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడికి చేరేసరికి 430 హార్స్‌పవర్‌లో 300 దగ్గర మిగులుతుంది. టర్బో ఉన్న డీజిల్‌కు ఈ బాధ చాలా తక్కువ.

ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం. ఆ టన్నెల్ దాటాక దారి చాలా మైళ్లు ఏటవాలుగా దిగుతుంది. డీజిల్ ట్రక్కుల్లో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. మీట నొక్కితే టర్బో రెక్కలు దగ్గరికి మూసుకుని పొగను వెనక్కి నెట్టి ఇంజినే బండిని పట్టుకుంటుంది. బ్రేక్ పెడల్ మీద కాలు పెట్టే అవసరమే చాలాసార్లు రాదు. గ్యాస్ ట్రక్‌లో టో-హాల్ మోడ్ వేస్తే గేర్లు కిందికి దిగి కొంత ఆపుతుంది, కానీ బరువైన ట్రైలర్‌తో అంత సాయం దొరకదు. కొలరాడో, యూటా, మోంటానా వైపు ఏటా పదివేల పౌండ్లు లాక్కెళ్తారా? అయితే డబ్బు లెక్క పక్కన పెట్టి డీజిల్ కొనండి. హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్ మధ్య తిరిగేవాళ్లకు ఈ పేరాలన్నీ వినోదం మాత్రమే.

ఒక సౌకర్యం ఎవరూ చెప్పరు. డీజిల్ ట్రక్ ట్రక్ స్టాపుల్లో పెద్ద లారీల వరసలో నింపుకోవచ్చు. యాభై అడుగుల బండిని కార్ల పంపుల మధ్య వెనక్కీ ముందుకీ తిప్పే అవస్థ ఉండదు, డెఫ్ పంపు కూడా అక్కడే ఉంటుంది. లారీల పైపు ముక్కు లావుగా ఉంటుంది, మీ ట్యాంకు మూతిలో పడుతుందో లేదో ముందు చూసుకోండి.

అడుగు 5: మామూలు రోజుల్లో ఎంత దూరం తిరుగుతారు?

వారాంతపు ట్రైలర్ సంగతి సరే, మిగతా ఐదు రోజులు ట్రక్ ఏం చేస్తుంది? ఫ్రిస్కో ఇంటి నుంచి ఆఫీసుకు ఆరు మైళ్లు, అక్కణ్నుంచి పిల్లల కూచిపూడి క్లాసు, కాస్ట్‌కో, ఇల్లు. ఈ వాడకమే డీజిల్‌కు పడదు.

పొగ గొట్టంలో డీపీఎఫ్ అని మసిని పట్టే వడపోత ఒకటి ఉంటుంది. అది నిండాక ట్రక్ తనంతట తాను ఇంధనం కాల్చి, దాన్ని 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కించి మసిని బూడిద చేస్తుంది. రీజెన్ అంటారు. అందుకు హైవే మీద ఒక అరగంట ఆగకుండా నడవాలి. డాష్ మీద వడపోత శుభ్రమవుతోందన్న సందేశం వచ్చినప్పుడే మీరు ఇంటి ముందు ఆపి తాళం తీస్తే పని సగంలో ఆగుతుంది. అలా పదేపదే జరిగితే మసి పేరుకుని, బలం తగ్గించేసి, చివరికి డీలర్ దగ్గరికి పంపుతుంది. సగంలో ఆగిన రీజెన్లతో ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలిసే ప్రమాదం కూడా ఉంది.

చిన్న దూరాలే మీ జీవితమైతే గ్యాస్ కొనండి. ఇప్పటికే డీజిల్ ఉంటే వారానికోసారి హైవే ఎక్కించి వేడిగా నడిపించండి.

చిన్న తొట్టి ఉన్న క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల) ఎఫ్-250 పొడవే 250 అంగుళాలు, దాదాపు 21 అడుగులు. సాధారణ గ్యారేజీ లోతు 20. ఇంజిన్‌తో సంబంధం లేకపోయినా టేపు పట్టుకోండి, మీ కాలనీ సంఘం (హెచ్‌ఓఏ) నియమాలూ చదవండి.

అడుగు 6: సర్వీసు, చలి, రిపేర్లు

గ్యాస్ ఇంజిన్‌కు ఏడెనిమిది క్వార్ట్ల ఆయిల్ చాలు. డీజిల్‌కు పది నుంచి పదమూడు పడుతుంది. రెండు ఫ్యూయెల్ ఫిల్టర్లు అదనం, డెఫ్ అదనం. డెఫ్ అంటే 32.5 శాతం యూరియా కలిపిన నీళ్లు. మైనస్ 11 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, కానీ ట్యాంకులో హీటర్ ఉంటుంది కాబట్టి దాని గురించి కంగారు అక్కర్లేదు.

కంగారు పడాల్సింది డీజిల్ గురించే. చలికి దానిలోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. మిన్నెసోటాలో చలికాలపు డీజిల్ అమ్ముతారు. టెక్సస్‌లో అలా ఉండదు. డిసెంబరులో డాలస్‌లో ట్యాంకు నింపుకుని ఉత్తరాదికి బయల్దేరితే దారిలో చల్లబడకముందే యాంటీ-జెల్ మందు పోయండి. గడ్డకట్టాక పోసి లాభం లేదు.

వారంటీ ఒక్కటి డీజిల్ పక్షం. ఫోర్డ్ డీజిల్ ఇంజిన్‌కు 5 ఏళ్లు లేదా 1,00,000 మైళ్లు ఇస్తుంది, గ్యాస్‌కు 60,000 మైళ్లే. అది దాటాక మాత్రం ఇంజెక్టర్లు, టర్బో, పొగ సెన్సర్లు, ప్రతిదీ వేలల్లో ఉంటుంది. గ్యాస్ వీ8ను ఏ ఊరి మెకానిక్ అయినా విప్పుతాడు.

అడుగు 7: సెకండ్ హ్యాండ్ అయితే

గ్యాస్ ట్రక్‌కు మామూలు తనిఖీలు చాలు. డీజిల్‌కు ఇవి అదనంగా చూడండి.

2003 నుంచి 2007 దాకా వచ్చిన ఫోర్డ్ 6.0 పవర్ స్ట్రోక్‌కు హెడ్ గ్యాస్కెట్లు, ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది) సమస్యలతో పెద్ద చెడ్డపేరే ఉంది. చవగ్గా వస్తోందని మోజు పడొద్దు.

సీపీ4 అనే హై ప్రెషర్ పంపు ఉన్న ఇంజిన్లు ఇంకో రకం. 2011-2016 డ్యూరామ్యాక్స్, 2011 నుంచి వచ్చిన పవర్ స్ట్రోక్, 2019-2020 రామ్ కమిన్స్‌లలో ఇది వచ్చింది. ఆ పంపు లోపల అరిగితే ఇనప రజను ఇంధనంతో పాటు ఇంజెక్టర్లన్నిటిలోకీ పోతుంది. పంపు మార్చితే సరిపోదు, ట్యాంకు నుంచి మొత్తం కొత్తది వేయాలి. 2019-2020 రామ్‌లను కంపెనీ రీకాల్ చేసింది. బండి విన్ నంబరు వేసి ఆ పని జరిగిందో లేదో రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో చూడండి.

2013-2019 రామ్ కమిన్స్‌కు ఉద్గారాల సాఫ్ట్‌వేర్ సరిచేయించుకోవాల్సిన రీకాల్ ఉంది. ఆ వ్యవహారంలో 2023 డిసెంబరులో కమిన్స్ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. అమ్మేవాణ్ని సర్వీసు కాగితం అడగండి.

ఇక డిలీట్ చేసిన ట్రక్కులు. డీపీఎఫ్, డెఫ్ వ్యవస్థ పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చినవి. క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం అది చట్టవిరుద్ధం. తర్వాత ట్రేడ్-ఇన్ చేయబోతే చాలామంది డీలర్లు తీసుకోరు. కింద దూరి చూస్తే పొగ గొట్టంలో లావుపాటి డబ్బాలు కనిపించాలి. అవి లేకుండా వెనక దాకా సాఫీగా గొట్టమే ఉంటే బేరం ఆపేయండి.

అడుగు 8: టెస్ట్ డ్రైవ్, ఆ తర్వాత మొదటిసారి నింపడం

ఖాళీ ట్రక్‌ను డీలర్ వీధిలో ఒక చుట్టు తిప్పితే రెండు ఇంజిన్లూ బాగానే అనిపిస్తాయి. మీ ట్రైలర్ కాకపోయినా దానికి దగ్గరి బరువున్నది తగిలించి హైవే ఎక్కించమని అడగండి. రెండింటినీ ఒకే రోజు, ఒకే దారిలో నడపండి. ట్రైలర్ తగిలించడానికి డీలర్ ఒప్పుకోకపోతే ఇంకో డీలర్ ఉంటాడు.

డీజిల్ కొంటే మొదటి రోజు బంకులో ఒక్క నిమిషం ఎక్కువ ఆగండి. ఇక్కడ డీజిల్ పైపు చాలాచోట్ల ఆకుపచ్చ, కానీ కొన్ని బంకుల్లో గ్యాస్ పైపు కూడా ఆకుపచ్చే. రంగు నమ్మకండి, రాసింది చదవండి. పొరపాటున గ్యాస్ పోస్తే తాళం తిప్పకండి, స్టార్ట్ చేయకుండా టో చేయించి ట్యాంకు ఖాళీ చేయిస్తే ఖర్చు కొన్ని వందలతో పోతుంది. డెఫ్ నీలం మూతలోకే వెళ్లాలి. అది డీజిల్ ట్యాంకులో పడితే ఇంధన వ్యవస్థ మొత్తం పోయినట్టే లెక్క. ట్రక్ ఇంట్లో ఇంకెవరైనా నడుపుతుంటే ఈ రెండు మూతలూ వాళ్లకు బంకులోనే నిలబడి చూపించండి.